ఫైలు మొదటి రోజే పీపీ చేతికి వెళ్లాలి

విజయవాడలోని ఏసీబీ ఆఫీసు పోలీస్ స్టేషనా, కాదా? ఈ ఒక్క ప్రశ్న తేలడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే సిగ్గుపడాలి. 2016 నుంచి 2020 మధ్య అక్కడ నమోదైన అవినీతి కేసుల ఎఫ్ఐఆర్‌లు చెల్లవని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. కారణం, రాష్ట్రం విడిపోయాక ఆ ఆఫీసును పోలీస్ స్టేషన్‌గా ప్రకటించే జీవో లేదు, వచ్చింది 2022లో. 2026 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి కేసులకు మళ్లీ ప్రాణం పోసింది. సంతోషమే. కానీ నిందితులు తప్పు చేశారా లేదా అన్న అసలు సంగతి వదిలేసి కోర్టుల్లో వాదన జరిగిందంతా ఓ కాగితం మీద. ఎఫ్ఐఆర్ కట్టిన రోజే ఓ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను (పీపీ, అంటే కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే 'నోటిఫికేషన్ ఏదీ?' అని అడిగేవారు కదా!

లంచం తీసుకుంటుండగా వలపన్ని పట్టుకునే ట్రాప్ కేసునే తీసుకోండి. మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు) కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి విసిగిపోయిన రైతు ఏసీబీ దగ్గరికి వెళ్తాడు. నోట్ల నంబర్లు రాసుకుంటారు, ఫినాఫ్తలీన్ పౌడర్ పూస్తారు, మధ్యవర్తులుగా వేరే శాఖల ఉద్యోగులను పిలుస్తారు. డబ్బు పుచ్చుకున్న వేళ్లు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచగానే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి, సీసాలో పోసి సీలు వేస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, మేమూ వేస్తాం. కోర్టుకు మాత్రం ఆ సీసా ఒక్కటే చాలదు. లంచం అడిగినట్టు రుజువు కావాలి. ఏళ్లు గడిచాక ఆ రైతు బోనెక్కి 'నాకేం గుర్తులేదు' అంటే? పాస్‌బుక్ కోసం రేపు మళ్లీ అదే ఆఫీసు మెట్లెక్కాల్సినవాడు మరి. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురుతిరిగినా మిగతా సాక్ష్యాలతో నిరూపించవచ్చని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ మిగతా సాక్ష్యాలు, అంటే ఫోన్ రికార్డింగ్, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం, పక్కన కూర్చున్నవాళ్ల మాట, వేడిమీదే సేకరించాలి. ఏది నిలుస్తుందో ఏది నిలవదో రోజూ కోర్టులో నిలబడే పీపీకి తెలుసు. తీరా ఆయన చేతికి ఫైలు వచ్చేసరికి దర్యాప్తు ముగిసిపోయి ఉంటుంది. లేని సాక్ష్యాన్ని ఆయన ఎక్కడి నుంచి తెస్తారు?

ప్రాసిక్యూషన్‌కు, అంటే ఉద్యోగిని కోర్టులో విచారించడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన అనుమతిదీ అదే కథ. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం దానికి గడువు మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల. ఈ గడువు తప్పనిసరని 2022లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అయినా ఫైలు సచివాలయంలో ఏ సెక్షన్‌లో ఆగిందో వెంటపడి అడిగే బాధ్యత ఫలానావారిదని ఎవరూ చెప్పలేరు. దర్యాప్తు మొదలుపెట్టడానికే ముందస్తు అనుమతి కోరే ఆ చట్టంలోని 17ఏ సెక్షన్ మీద చంద్రబాబు స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో 2024 జనవరిలో ఇద్దరు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం కుదరని చోట దర్యాప్తు అధికారి ఒంటరిగా ఎలా నిర్ణయిస్తాడు? పైగా ఏసీబీ ఎఫ్ఐఆర్ కూలితే దాని ఆధారంగా ఈడీ పెట్టిన మనీ లాండరింగ్ కేసూ నిలవదు. ఒక్క కాగితం లోపంతో రెండు కేసులు పోతాయి.

దర్యాప్తు పోలీసుల పని, ప్రాసిక్యూటర్ అందులో తలదూర్చకూడదని వాదించేవారున్నారు. పీపీ అభిప్రాయానికి తగ్గట్టు ఛార్జిషీట్ వేయాలని ఆదేశించకూడదని 2000లో సుప్రీంకోర్టు అన్న మాట కూడా నిజమే. మేం అడుగుతున్నది ఆదేశం కాదు, సలహా. 2024 జులైలో సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం జిల్లా స్థాయి దాకా ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్లకు వీలు కల్పించి, పోలీసు రిపోర్టులను పరిశీలించే పని కూడా అప్పగించింది. చట్టం దారి చూపించాక ఇంకా దేనికోసం ఎదురుచూపులు?

మమ్మల్ని అన్నిటికంటే భయపెడుతున్నది ఒకటే. కేసు నిలబడేది తప్పును బట్టి కాదు, కాగితాన్ని బట్టి అని లంచగొండులు నేర్చుకుంటున్నారు. పట్టుబడగానే వాళ్ల లాయరు మొదట వెతికేది జీవో తేదీ, అనుమతి మీద సంతకం. అవతలివాళ్లు మొదటి రోజే లాయరును పెట్టుకుంటున్నారు. ప్రభుత్వం తన లాయరును ఆఖర్న పిలుస్తోంది.

ప్రతి అవినీతి కేసుకు ఎఫ్ఐఆర్ రోజునే ఓ పీపీని పేరుతో కేటాయించండి. ఆయన ఇచ్చిన సలహా ఫైలులో రాతపూర్వకంగా ఉండాలి, అధికారి పాటించకపోతే ఎందుకో కూడా రాయాలి. కేసు కొట్టేస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో నెలలోపు బయటపెట్టండి. తీరిక లేదని మాత్రం చెప్పకండి. సీబీఐ అడుగుపెట్టకుండా 2018లో జీవో ఇవ్వడానికి అమరావతికి తీరిక దొరికింది, 2019లో దాన్ని వెనక్కి తీసుకోవడానికీ దొరికింది. సొంత ఏసీబీ ఆఫీసును పోలీస్ స్టేషన్ అని రాయడానికి మాత్రం 2022 దాకా ఒక్క ప్రభుత్వానికీ చేతులు రాలేదు.