కిటుకు మింగిన డేటాబేసు

నెల్లూరులో ఓ వెబ్ పత్రిక ఆఫీసు. వ్యాసాలన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఉంటాయి. శీర్షికకో గడి, రచయిత పేరుకో గడి, వ్యాసం మొత్తానికి ఇంకో గడి. సేవ్ నొక్కినప్పుడల్లా ఏదో ఒక ఎర్రర్ వస్తోందని ఆపరేటర్ స్ట్రిక్ట్ మోడ్ (గడిలో పట్టనిదాన్ని ఒప్పుకోని కట్టడి) తీసి పారేశాడు. ఎర్రర్లు ఆగిపోయాయి. అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ వారమే చేపల పులుసు వ్యాసం వచ్చింది. చింతపండు పులుసు ఎంతసేపు మరగాలి, మామిడికాయ ముక్కలు ఎప్పుడు పడాలి, అన్నీ రాసి, "ఇక అసలు కిటుకు వినండి" అంటూ రచయిత్రి ఒక నవ్వుముఖం ఎమోజీ తగిలించింది. సైట్లో వ్యాసం సరిగ్గా అక్కడే ఆగింది.

"కిటుకు దాచిపెట్టుకుంటే ఎట్టమ్మా? జనం ఫోన్లు చేసి తిడతా ఉండారు" అన్నాడు సంపాదకుడు.

"నేనేం దాచలా సార్, మొత్తం రాసే పంపించా. మీ ఆడనే ఎవురో మింగుంటారు."

మింగింది టేబులే. అది అక్షరాల్ని బైట్లుగా దాచే పాత పద్ధతి, యూటీఎఫ్8లో ఉంది. పేరు చూసి నమ్మకూడదు, మైఎస్‌క్యూఎల్‌లో దానికి అక్షరానికి 3 బైట్లే పరిమితి. తెలుగుకి 3 సరిపోతాయి, ఎమోజీకి 4 కావాలి. స్ట్రిక్ట్ మోడ్ ఉండుంటే ఎర్రర్ చెప్పి వ్యాసాన్ని వెనక్కి కొట్టేది. లేదు కాబట్టి ఎమోజీ దగ్గర కోసేసి, మిగతాది వదిలేసి, సేవ్ అయిందని చెప్పింది. లోపల ఒక వార్నింగ్ ఇస్తుంది గానీ, దాన్ని అడిగి చూసేవాడేడీ?

ఉదయగిరి కోట వ్యాసానిది ఇంకో రోగం. అందులో ఎమోజీ లేదు, చరిత్రే ఎక్కువ. టెక్స్ట్ రకం గడిలో 65,535 పడతాయి, అక్షరాలు కావు, బైట్లు. "శ్రీ" కంటికి ఒక్కటే. లోపల శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు, ఒక్కోటి 3 చొప్పున 12 బైట్లు. శ్రీకృష్ణదేవరాయలు పేరు రాసిన ప్రతిసారీ గడి ఎంత నిండుతుందో చూసుకోండి. ఆయన 1514లో పట్టుకున్న కోట సైట్లో మాత్రం ఇంకా ముట్టడిలోనే ఉంది.

మందు తెలిసిందే. ముందు బ్యాకప్. తర్వాత టేబుల్‌ని అక్షరానికి 4 బైట్లు ఇచ్చే యూటీఎఫ్8ఎంబీ4కి, వ్యాసం గడిని 16 ఎంబీ దాకా పట్టే మీడియంటెక్స్ట్‌కి మార్చాలి. సైటు నుంచి డేటాబేసుకి వెళ్లే కనెక్షన్‌కి కూడా ఎంబీ4 చెప్పాలి, ఇది మరిచిపోతే టేబుల్ మార్చీ లాభం లేదు. స్ట్రిక్ట్ మోడ్ మళ్లీ పెట్టాలి. గడి నిండి తెగినవాటిని బైట్లు లెక్కపెట్టే లెంగ్త్ ఫంక్షన్ పట్టిస్తుంది: 65,530 దాటినవన్నీ అనుమానితులే. ఎమోజీ దగ్గర తెగినవాటికి ఆ లెక్క పనికిరాదు, చివరి వాక్యం చదివి చూసుకోవాల్సిందే.

ఇంతా చేస్తే ఇకమీదట తెగవు, అంతే. పోయిన ముక్క రచయిత దగ్గర్నుంచే రావాలి. పులుసు రచయిత్రి వాట్సాప్‌లో మళ్లీ పంపింది. కోట రచయిత పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలు తెచ్చిచ్చాడు. అది అను ఫాంటులో కొట్టింది, ఆ ఫాంటు తీసేస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే కనబడతాయి. యూనికోడ్‌కి మార్చి ఎక్కించాలని తెలిసీ, ఆపరేటర్ తొందరలో ఉన్నదున్నట్టు పేస్ట్ చేశాడు. ఎర్రర్ రాలేదు. వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం తెగకుండా, ఒక్క అక్షరం తెలుగు కాకుండా ఎక్కింది.