తెలుగు పేరు పెడితే సింక్ చెడిపోతుందట!

పొద్దున్నే ఒక వాట్సాప్ గ్రూపులో ఓ పెద్దమనిషి ఉపదేశం: "ఫైళ్ళకి తెలుగు పేర్లు పెట్టకండి, సింక్ అవ్వవు." సింక్ అంటే ఒక మిషన్‌లో ఉన్న ఫైళ్ళే ఇంకో మిషన్‌లోనూ ఉండేలా చూడటం. కింద వరసగా దండాలు, చప్పట్లు. ఎందుకవ్వవు సార్ అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

నేను చెప్తా. లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు. గుర్తు అంటే బళ్ళో దిద్దిన అక్షరం కాదు. 'స్త్రీ' మనకి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. 255ని మూడుతో భాగిస్తే, పేరు 85 గుర్తులతో సరి. విండోస్ బైట్లు లెక్కపెట్టదు, 255 గుర్తులదాకా ఊరుకుంటుంది. అక్కడ హాయిగా ఉన్న వంద గుర్తుల పేరు లైనక్స్ గుమ్మంలో ఆగిపోతుంది. పేరు కుదించండి, అయిపోయింది. దీనికి భాషనే మానేయాలా?

రెండోది ఐత్వం. 'ై'ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో ముక్క తగిలించి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు రెండు ముక్కలు చేసే దాచేవి. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు. ఇంకేం, 'కైఫియత్తులు' ఫోల్డరు పక్కనే ఇంకో 'కైఫియత్తులు'! కళ్ళు చిట్లించి చూసినా తేడా దొరకదు. మిషన్ల మధ్య ఫైళ్ళు సింక్ చేసే సింక్‌థింగ్ మామూలుగా దీన్ని తనే సర్దుకుంటుంది. కమాండు కొట్టి ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌కైతే మ్యాక్ వైపు నుంచి, పేర్ల రాతని మార్చే ఐకాన్వ్ ఆప్షన్ ఇవ్వాలి: ముందు యూటీఎఫ్-8-మ్యాక్, తర్వాత యూటీఎఫ్-8. మ్యాక్‌తో ఏళ్ళ తరబడి వచ్చిన ఆర్‌సింక్ 2.6.9లో ఆ ఆప్షనే లేదు, 3.0 లేదా ఆ పైది వేసుకోండి.

పోనీ ఇంగ్లీషు పేర్లయితే సుఖమా? పెద్ద 'బి'తో ఒక బిల్లు, చిన్న 'బి'తో ఇంకో బిల్లు. లైనక్స్‌కి రెండు ఫైళ్ళు, విండోస్‌కి ఒకటే. కొట్టుకు చస్తాయి. మన అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ అన్న తేడా లేదు కాబట్టి ఆ గోలే లేదు. ఈ మాట మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

అసలు ఆ గ్రూపు పెద్దమనిషే కదా పోయిన సంక్రాంతికి "సింక్ ఉండగా బ్యాకప్ దండగ" అని తేల్చింది! మహానుభావా, ఇక్కడ ఫైలు చెరిపితే సింక్ ఆ చెరుపుడుని కూడా అక్కడికి మోసుకెళ్తుంది. దాని పనే అది. సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్, అంటే పాత కాపీలు దాచిపెట్టడం, మనం పెడితేనే ఉంటుంది. ఫోల్డరు ఎడిట్‌లోకెళ్ళి వెర్షనింగ్‌లో స్టాగర్డ్ అన్న పద్ధతి ఎంచుకోండి. అదీ అన్ని మిషన్లలో. ఎందుకంటే పాత కాపీ మిగిలేది చెరిపినచోట కాదు, ఆ చెరుపుడు వచ్చి చేరినచోట. ఆఫీసు మిషన్‌లో ఒక్కదాంట్లో పెట్టి, అక్కడే చెరుపుకుని, పాత కాపీ ఏదని వెతికితే ఎక్కడుంటుంది?

ఇంకో ముచ్చట. ఒకే జీతాల షీటుని రెండుచోట్లా నెట్ లేనప్పుడు మారిస్తే, టైమ్ పాతగా ఉన్నది సింక్-కాన్‌ఫ్లిక్ట్ అన్న పేరు తగిలించుకుని పక్కకి పోతుంది. మనవాళ్ళు అది చెత్త అనుకుని తెరవకుండానే డిలీట్ కొడతారు. బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 సెల్లు అయిపోయిన డెస్క్‌టాప్ ఒకటుందనుకోండి, కరెంటు పోయి వచ్చేసరికి తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. ఇవాళ కూర్చుని కొట్టిన జీతాలు దాని లెక్కలో పాతవి. వాటినే కాన్‌ఫ్లిక్ట్ అని పక్కన పడేస్తుంది, ఈయనొచ్చి తుడిచేస్తాడు. తుడిచేసి గ్రూపులో ఏమని పెడతాడో తెలుసుగా? ఫైలు పేరు తెలుగులో ఉందండీ, అందుకే పోయింది.