నిరోధ్ సంగతి భర్తలకూ చెప్పాలి

2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా, వారిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. శిబిరాల్లో పరిశుభ్రత గురించి అప్పుడు చాలా చర్చ జరిగింది, జరగవలసిందే. ఇక పిల్లలు చాలనుకున్న ప్రతి ఇంటా కత్తి కిందికి వెళ్లేది భార్యే ఎందుకన్న ప్రశ్నకు మాత్రం అంత చోటు దక్కలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. కండోమ్ వాడకం దేశమంతటా 9.5 శాతం ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతమైనా లేదు. కేంద్రం నిరోధ్ పేరుతో కండోమ్‌ను 1968లోనే జనంలోకి తెచ్చిందని గుర్తు చేసుకుంటే ఈ అంకె మరింత బాధ కలిగిస్తుంది.

కండోమ్ పనితీరులో మర్మమేమీ లేదు. పలుచని రబ్బరు తొడుగు వీర్యకణాలను అండం దాకా చేరనివ్వదు. శరీరంలోకి ఏ హార్మోనూ వెళ్లదు, వాడకం మానిన వెంటనే గర్భధారణకు వీలుంటుంది. హెచ్‌ఐవీ వంటి సుఖవ్యాధుల నుంచి కూడా రక్షించే గుణం మాత్రలకుగానీ, కాపర్‌ టీకిగానీ, శస్త్రచికిత్సకుగానీ లేదు. స్త్రీలు వాడే కండోమ్, గర్భాశయ ముఖద్వారాన్ని కప్పే డయాఫ్రం కూడా అడ్డుకట్టలే అయినా మన మందుల దుకాణాల్లో అవి అరుదు.

ప్రతిసారీ సరిగ్గా వాడే వంద జంటల్లో ఏడాదికి ఇద్దరు గర్భం దాల్చవచ్చు. సాధారణ వాడకంలో ఆ సంఖ్య 13 వరకు పెరుగుతుంది. ఈ తేడాకు సరిగ్గా చెప్పేవారు లేకపోవడమూ ఒక కారణం. కలయిక మొదలైన తరువాత తొడగడం, కొనలో గాలి ఉండనివ్వడం, కొబ్బరినూనె లేదా వ్యాజిలిన్ రాయడం, ఎండవేడి తగిలేచోట లేదా పర్సులో నెలల తరబడి దాచడం, గడువు తేదీ చూడకపోవడం వంటి పొరపాట్లు సర్వసాధారణం. నూనె తగిలిన లేటెక్స్ రబ్బరు నిమిషాల్లోనే బలహీనపడుతుంది. ఒకదానిపై ఒకటి రెండు తొడిగితే భద్రత పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఒకవేళ చిరిగితే 72 గంటల్లోపు, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవచ్చు.

కోరి శస్త్రచికిత్స చేయించుకునే మహిళ నిర్ణయాన్ని మేము ప్రశ్నించడం లేదు. ఆ కోరికకు ముందు ఆమె ముందున్న దారులన్నీ, భర్త పంచుకోగల బాధ్యతతో సహా, ఎవరైనా వివరించారా అన్నదే మా ప్రశ్న. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ నిరోధ్ అందిస్తున్నా ఆ సంభాషణ సాధారణంగా గృహిణితోనే ముగుస్తుంది. తొలి కాన్పు తరువాత తల్లిని ఇంటికి పంపేలోపే భర్తను కూడా కూర్చోబెట్టి, పురుష ఆరోగ్య సిబ్బందితో నమూనాపై తొడిగి చూపించి, సందేహాలు తీర్చే ఏర్పాటును రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తప్పనిసరి చేయాలి.