నాయన మంచాన పడితే సంతకం ఎవరిది?

మా నెల్లూరు వైపు పల్లెల్లో ఎవరిని అడిగినా, ఫలానా పెద్దాయన తర్వాత మాగాణి ఏ కొడుక్కి పోతుందో, టౌన్లో ఇల్లు ఏ కూతురికి వస్తుందో టకటకా చెప్పేస్తారు. అదే పెద్దాయన పక్షవాతం వచ్చి మంచాన పడితే బ్యాంకులో డబ్బు ఎవరు తీయాలి, చూసుకునే మనిషికి జీతం ఎక్కడినుంచి ఇవ్వాలి అంటే సొంత కొడుకులకే తెలీదు. అమెరికాలో ఉన్న మనకు అసలే తెలీదు. నెలనెలా డబ్బు పంపుతున్నాం కాబట్టి అమ్మానాయనల సంగతి చూసుకున్నట్టే అనుకుంటాం. పంపకాల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా, మనిషి బతికుండగా గడపాల్సిన ఆ చివరి ఏళ్ల మీద పెట్టాలంటాను నేను.

ముందు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) సంగతి, అంటే మన తరఫున పనులు నడిపే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. ఇక్కడ ఇల్లు కొన్నప్పుడో పిల్లలు పుట్టినప్పుడో మనలో చాలామంది డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుని ఉంటాం. రేపు మనకు మతి తప్పినా ఆ కాగితం పనిచేస్తుంది. ఆ అలవాటుతోనే, నాయన చేత కూడా ఒక జీపీఏ రాయించాం, ఇక టెన్షన్ లేదు అనుకుంటాం. ఇండియాలో లెక్క వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అంటే డిమెన్షియా ముదిరి ఆయన ఏమీ తేల్చుకోలేని స్థితికి వచ్చాక, సరిగ్గా మనకు అవసరమైన వేళకు, ఆ జీపీఏ చిత్తు కాగితం.

అప్పుడిక హైకోర్టే దిక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యం విషయంలో మన తరఫున ఒక ప్రతినిధిని ఒప్పుకుంటుంది గానీ పొలం, బ్యాంకు జోలికి పోదు. అందుకే కుటుంబాలు హైకోర్టులో రిట్ పిటిషను వేసి, ఫలానా వారిని సంరక్షకులుగా నియమించండి అని అడుగుతున్నాయి. కోమాలో ఉన్నవారి కోసం కేరళ హైకోర్టు 2019లో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. కావలిలో మంచాన ఉన్న మనిషి మందుల డబ్బు కోసం అమరావతిలో కేసు నడపాలంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మతి బాగుండి చేయి మాత్రమే కదలకపోతే ఇంత కష్టం లేదు. వేలిముద్ర, అదీ వీలుకాకపోతే కాలి వేలిముద్రతో డబ్బు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతాయి. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయివుండాలి. కౌంటర్లో కుర్రాడికి ఇది తెలియకపోతే మేనేజరును అడగాలి.

మతి ఉండగానే చేయదగ్గవి చిన్న పనులే. ఖాతా ఒక్కరి పేరునే ఉంటే అమ్మ పేరునో, దగ్గర్లో ఉన్న బిడ్డ పేరునో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా 'ఐదర్ ఆర్ సర్వైవర్' పెట్టించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు ఇదొక్కటే చాలదు. గడువుకు ముందు తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు, కాబట్టి ఒకరే తీసుకోవచ్చన్న సమ్మతి ముందే రాసి ఇవ్వాలి. నామినీ పేరు ఉందిలే అని ధీమా పడొద్దు. నామినీ అక్కరకొచ్చేది ఆ మనిషి పోయాకే. ఆస్తి బాగా ఉన్నవాళ్లు కొంత భాగాన్ని ప్రైవేటు ట్రస్టులో పెట్టుకోవచ్చు. రాసిన మనిషికి మతి తప్పినా, ఆ ట్రస్టు బాధ్యత అప్పగించిన వ్యక్తి (ట్రస్టీ) దాన్ని నడుపుతాడు.

పొలం దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి. 'నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడే పొలం నీ పేరున రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం అబ్బయా' అని పెద్దాయన అంటాడు. సాగుభూమిని ప్రవాస భారతీయులు గానీ, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నవాళ్లు గానీ కొనకూడదు, దానంగానూ పుచ్చుకోకూడదు. విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే ఇబ్బంది లేదు. కాబట్టి మాగాణి మనకు రావాల్సి ఉంటే అది వీలునామా పనే, సంక్రాంతి సెలవుల్లో తొందరపడి చేసేది కాదు.

అసలు పెద్దవాళ్లు బతికుండగా ఉన్నదంతా రాసి ఇచ్చేయడమే తప్పంటాను. ఇచ్చేదే అయితే, 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను చదివి ఇవ్వాలి. పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, పోషణ మానేస్తే రద్దు చేయించుకోవచ్చు. అయితే షరతు ఉందని చూపించాలి అని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా చూడాలంది. ఈ రెంటి మధ్య వాదించుకునే ఓపిక ఎనభై ఏళ్ల మనిషికి ఎక్కడిది? దస్తావేజు లేఖరుల దగ్గర తయారుగా ఉండే నమూనాలో ప్రేమాభిమానాలు ఉంటాయి, తిండి, మందుల మాట ఉండదు. ఆ రెండు లైన్లు దగ్గరుండి రాయించాలి, జీవితానుభవ హక్కు, అంటే బతికున్నంతకాలం ఆ ఆస్తిని అనుభవించే హక్కు అట్టిపెట్టుకోవాలి. గొడవ వస్తే వెళ్లాల్సింది ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌కు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడైనా ఆర్డీవో ఆఫీసే.

వీలునామా రాయకుండా నాయన పోతే అమ్మ పరిస్థితి ఏమిటో కూడా ఆలోచించాలి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో ఆమెకు వచ్చేది పిల్లలతో సమానంగా ఒక్క వాటా. ముగ్గురు బిడ్డలుంటే నాలుగో వంతు. రేపు ఆమె వైద్యానికి ఇల్లు అమ్ముదామన్నా అందరి సంతకాలూ కావాలి, అందులో ఒక సంతకం డాలస్‌లో ఉంటుంది.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. చాకిరీ ఒకరిది, పెత్తనం ఒకరిది. ఒంగోల్లో ఉన్న కూతురు తల్లికి డైపర్లు మారుస్తుంది, రాత్రిళ్లు లేస్తుంది, ఉద్యోగం మానుకుంటుంది. అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్ వీడియోలో చూసి, 'ఆ డాక్టరు వద్దక్కా, చెన్నై తీసుకుపో' అంటాడు. ఆస్తిలో వాటా అడిగితే ఆమె ఆశపోతు. చూసుకునే బిడ్డకు అదనంగా ఇంత అని వీలునామాలో రాయడం తప్పు కాదు. అంతకంటే ముందు, ఖర్చు పెట్టే అధికారం ఆమె చేతికి ఇవ్వాలి, లెక్కలు ప్రతి వారం అడగడం మానాలి. ఇక్కడ అమెరికాలోని మన తెలుగు సంఘంలో ఈ మాట ఎత్తితే కొందరు అన్నలకు కోపం వస్తుందని తెలుసు.

ఇక డబ్బు. ఆరోగ్య బీమా అయినా, 70 దాటినవారికి కేంద్రం 2024లో తెచ్చిన 5 లక్షల ఆయుష్మాన్ కార్డయినా ఆసుపత్రి ఖర్చుకే. ఇంట్లో ఉండి స్నానం చేయించే మనిషి జీతం అందులో రాదు. పగలొకరు, రాత్రొకరు, ఒక్కొక్కరికి నెలకు 20 వేలు అనుకుంటే ఏడాదికి 4 లక్షల 80 వేలు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేయవచ్చు. 8.2 శాతం వడ్డీ లెక్కన దంపతులిద్దరికీ కలిపి ఏడాదికి 4 లక్షల 92 వేలు. అంటే ఖాళీగా పడున్న ప్లాటు ఒకటి ఇప్పుడే అమ్మితే చాలామందికి గడిచిపోతుంది. 'పిల్లలకు ఉంచుదాం' అని ఆపేది వాళ్లు, ఆపనిచ్చేది మనం. ఇక్కడికి తెచ్చుకుందామంటారా? గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్లు అయిదేళ్లు ఉంటేగానీ మెడికేర్ (వృద్ధులకు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోలేరు. అది వచ్చినా ఏళ్ల తరబడి దగ్గరుండి చూసుకునే ఖర్చు ఇవ్వదు.

మన సంఘం ఏటా జరిపే సంబరాల్లో ప్లాట్లు అమ్మేవాళ్ల స్టాళ్లకు ఎప్పుడూ చోటుంటుంది. ఈసారి ఒక గంట నెల్లూరు లాయరు ఒకరిని, బ్యాంకులో పనిచేసి రిటైరైన వారొకరిని వీడియోలో కూర్చోబెడదాం. వచ్చేవాళ్లు అమ్మానాయనల పాస్‌బుక్కుల, దస్తావేజుల జెరాక్సులు వెంట తెచ్చుకోండి. ఏ ఖాతా ఎవరి పేరున ఉందో తెలియనివాళ్లు ఆ లోపు ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి.