వాన మిల్లీమీటర్లలో, ముంపు అడుగుల్లో

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలో అందరి చూపూ ప్రకాశం బ్యారేజీ మీదే ఉంది. ఎగువ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వస్తున్నాయో టీవీల్లో చెబుతూనే ఉన్నారు. మర్నాటికి ఆ అంకె 11.43 లక్షలకు చేరి, 2009 నాటి రికార్డును దాటింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ఇళ్లను ముంచిన నీరు మాత్రం బుడమేరు వాగుది. అది నగరానికి వెనక వైపు నుంచి వచ్చింది. నీళ్లు గుమ్మం దాటాకే చాలామందికి సంగతి తెలిసింది. మేడెక్కినవాళ్లు చుట్టూ నీళ్లు పెట్టుకుని తాగడానికి గుక్కెడు నీళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూశారు.

వర్షాల గురించి ముందే చెప్పలేదా అంటే, చెప్పారు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం అని వాతావరణ శాఖ లెక్క. ప్రధానంగా దాన్ని బట్టే ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్టులు వస్తాయి. అధికారులకు ఈ లెక్క పనికొస్తుంది. కానీ లోతట్టు కాలనీలో పిల్లల్ని, మంచాన పడ్డ పెద్దల్ని పెట్టుకుని ఉన్న కుటుంబం ఆ అంకెను ఏం చేసుకోవాలి? ‘కోస్తాలో అతి భారీ వర్షాలు’ అనే మాట శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అందరికీ ఒకటే. వాళ్లకు కావాల్సింది వేరే: మా వీధిలోకి నీళ్లొస్తాయా, ఎన్ని అడుగులు, ఇంకా ఎంత టైమ్ ఉంది?

చదరపు కిలోమీటరు నేల మీద 200 మిల్లీమీటర్ల వాన పడితే 20 కోట్ల లీటర్ల నీరు. అది రోజంతా నిదానంగా పొలాల్లో కురిస్తే కొంత ఇంకుతుంది, కొంత చెరువుల్లోకి పోతుంది. అదే వాన కొండవాలున మూడు గంటల్లో కురిస్తే ఒక్క వాగు మోయాలి. అంటే ముంపును తేల్చేది వాన ఎంత పడిందన్నది ఒక్కటే కాదు. ఎంత సేపట్లో పడింది, ఎక్కడ పడింది, పోయే దారి ఉందా అన్నవి కూడా చూడాలి. హఠాత్తుగా వచ్చే మెరుపు వరద, వాన మొదలైన ఆరు గంటల్లోపే వచ్చిపడుతుంది. పెద్ద నదికి ఎగువన డ్యాములు, కొలతలు, రోజుల వ్యవధి ఉంటాయి. చాలా వాగులకు అవేమీ ఉండవు.

కోస్తాలో ఇంకో చిక్కుంది. తూర్పు కనుమల నుంచి నీరు ఉరికి వస్తుంది, కిందికి వచ్చాక డెల్టా చదునులో ఆగిపోతుంది. బుడమేరు, తమ్మిలేరు కొల్లేరులో కలుస్తాయి. కొల్లేరు నీరు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. సముద్రం పోటు మీద ఉంటే ‘నీరు లాగట్లేదు’ అంటారు రైతులు. మొత్తం సమస్య ఆ ఒక్క మాటలోనే ఉంది. బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే కాలువ ఉంది కదా అనొచ్చు. కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీటిని తీసుకోదు. ఒకే వాయుగుండం రెండు చోట్లా కురిస్తే, మళ్లింపు కాలువ సరిగ్గా అవసరమైన రోజే ఇరుకున పడుతుంది. 2024లో దాని కట్టకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం సాయం కూడా తీసుకోవాల్సి వచ్చింది.

సైన్స్ లేక కాదు. దక్షిణాసియా దేశాల కోసం మెరుపు వరదల ముందస్తు సూచన వ్యవస్థను వాతావరణ శాఖ 2020 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఆరు గంటల ముందు ముప్పును, 24 గంటల ముందు ప్రమాద అవకాశాన్ని అది చెబుతుంది. ఆ సమాచారం వీధిలోకి దిగే చివరి మెట్టు దగ్గరే మనం తప్పుతున్నాం. తమ్మిలేరు, ఎర్రకాలువ, ఏలేరు, విశాఖ గెడ్డలు (అక్కడి వాగులు).. వీటి వంతెనల దగ్గర నీటిమట్టం కొలిచే పరికరాలు పెట్టి, ఆ అంకెను బ్యారేజీ అంకెలాగే గంట గంటకూ జనానికి చెప్పాలి. ఫోన్‌కు వచ్చే మెసేజ్ ‘భారీ వర్ష సూచన’ దగ్గర ఆగకూడదు. ‘మూడు గంటల్లో ఫలానా కాలనీలో నడుము లోతు నీళ్లు రావచ్చు, ఫలానా స్కూలుకు వెళ్లండి’ అనాలి. అలా చెప్పాలంటే ఏ వీధి ఎంత ఎత్తులో ఉందో మ్యాప్ ముందే సిద్ధంగా ఉండాలి.

అంత కచ్చితంగా చెబితే ఒక్కోసారి తప్పవుతుంది, ఇంకోసారి జనం నమ్మరని అధికారులు భయపడతారు. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ అనవసరంగా ఒక రాత్రి స్కూల్లో పడుకున్న మనిషికి, ఎందుకు రమ్మన్నామో, నీళ్లు ఎందుకు రాలేదో మర్నాడు వివరించి చెప్పొచ్చు. ఎగువన కొండల్లో వాన తగ్గింది, అందుకే రాలేదు అంటే జనానికి అర్థమవుతుంది. నీళ్లలో ఇరుక్కున్న మనిషికి ఏం వివరిస్తాం?

వాగుల ఆక్రమణల గురించి అందరూ రాస్తున్నారు, నిజమే. వాగు గర్భంలో లేఅవుట్‌కు అనుమతి ఇచ్చినవాళ్లను వదిలేసి, అక్కడ అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నవాళ్లనే తప్పుపట్టడం నాకు మింగుడుపడదు.

కోస్తాకు అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. ఈలోగా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. 2024లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ వీధుల్లో ఉన్నవాళ్లందరికీ గుర్తుంది. వాళ్లను అడిగి, ప్రతి కరెంటు స్తంభం మీద ఆ మట్టం దగ్గర గీత గీసి తేదీ రాయాలి. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు అది కనబడాలి. ఈసారి హెచ్చరిక వచ్చినప్పుడు, నీళ్లు ఆ గీతకు పైకి వస్తాయా, కిందే ఉంటాయా అన్నది అందులో ఉండాలి.