ఎండలో దుమ్ము, నీటిలో రేణువు

కిటికీ సందులోంచి ఎండ పడితే అందులో దుమ్ము గిరగిర తిరుగుతూ కనిపిస్తుంది. క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ కవి లూక్రీషియస్ ఆ దృశ్యాన్నే సాక్ష్యంగా తెచ్చాడు. కంటికి కనపడని కణాలు వచ్చి కొడుతుంటేనే ఆ రేణువులు అలా ఊగిసలాడుతున్నాయన్నాడు. అప్పటికి దాదాపు 400 ఏళ్ల క్రితమే గ్రీసులో తత్వవేత్తలు లూసిపస్, డెమోక్రిటస్ మొదలుపెట్టిన ఆలోచన అది: అన్నీ విడగొట్టలేని చిన్న కణాలతో, అంటే పరమాణువులతో, అయ్యాయని.

ఈ కథ వినగానే చాలామంది "పరమాణువు గురించి వాళ్లెప్పుడో చెప్పేశారు" అంటారు. ఆ మాట డెమోక్రిటస్‌కూ న్యాయం చేయదు, తర్వాతి శాస్త్రవేత్తలకూ చేయదు.

డెమోక్రిటస్ ముందున్నది ఒక చిక్కుముడి. ఉన్నది లేనిదిగా మారదు, కాబట్టి మార్పు అనేదే అసాధ్యమని అంతకు ముందరి గ్రీకు తత్వవేత్త పార్మెనిడీస్ వాదించాడు. కానీ పాలు పెరుగవుతున్నాయి, ఇనుము తుప్పు పడుతోంది. మరి ఎలా? కణాలు మారవు, వాటి మధ్య ఖాళీ ఉంది, మారేది అమరికే అన్నది డెమోక్రిటస్ జవాబు. 'వన' అన్న మాటను తిప్పితే 'నవ' అయినట్టు: అక్షరాలు అవే, మాట వేరు. ప్రయోగశాల లేకుండా కేవలం తర్కంతో ఇంత దూరం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే ఖాళీ అనేది ఉండదని అరిస్టాటిల్ అంతే గట్టిగా వాదించాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే కొలత అప్పుడు లేదు.

ఎండలో దుమ్మును తిప్పేది ఎక్కువగా గాలి ప్రవాహాలే. లూక్రీషియస్ ఊహించిన కదలిక అసలు దొరికింది నీటిలో. 1827లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోని సూక్ష్మ రేణువులు నీటిలో ఆగకుండా కదలడం గమనించాడు. ప్రాణమున్నందుకేమోనని రాతిపొడితోనూ చూశాడు. అదీ కదిలింది. 1905లో ఐన్‌స్టీన్, నీటి అణువులు ఢీకొంటుంటే ఒక రేణువు ఇంత సమయంలో సగటున ఎంత దూరం జరగాలో లెక్క కట్టాడు. తప్పయితే తప్పని తేలిపోయే లెక్క అది. డెమోక్రిటస్ వాదానికి 2,300 ఏళ్లుగా కొరవడింది అదే.

పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్త పెర్రిన్ చెట్టు జిగురు రేణువులను నీటిలో వేసి, మైక్రోస్కోప్ కింద ఓపిగ్గా కొలిచాడు. లెక్క సరిపోయింది. పరమాణువులు ఉన్నాయంటే ఏళ్ల తరబడి ఒప్పుకోని రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్, 1909లో ఒప్పుకున్నాడు.