అందరికీ పొరుగూరైన చోట మూడు రోజులు

అమెరికా నుంచి హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ మా స్నేహితులం నలుగురం కలిసేది ఒక్క సాయంత్రం. ఒకడు ఎల్.బి.నగర్‌లో ఉంటాడు, ఒకడు కొండాపూర్‌లో, ఇంకొకడు అల్వాల్‌లో. నేను దిగేది బర్కత్‌పురాలో అమ్మావాళ్లింట్లో. అందరికీ మధ్యలో ఉంటుందని హిమాయత్‌నగర్‌లో ఒక హోటల్ అనుకుంటాం. ఏడున్నరకి అనుకుంటే ట్రాఫిక్ దాటుకుని అందరూ చేరేసరికి తొమ్మిది. పదిన్నరకి ఒకడికి ఇంటి నుంచి ఫోన్. బిల్లు దగ్గర పెనుగులాట, పార్కింగ్‌లో ఒక ఫొటో, "ఈసారి కుదర్లేదు మామా, వచ్చేసారి తీరిగ్గా కూర్చుందాం" అనే మాట. ఆ వచ్చేసారి కోసం ఇరవై రెండేళ్లు ఎదురుచూశాం.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందిది ఇదే కథ అని నాకు తెలుసు. మన సంఘం సభల్లో కలిసినప్పుడు ఎంతమంది ఈ మాటే చెప్పుకున్నారో! అందుకే గట్టిగా అడగాలనిపించింది. వచ్చేసారి ఇండియా టికెట్లు కొనేటప్పుడు స్నేహితుల కోసం మూడు రోజులు ముందే పక్కన పెట్టండి. ఆ మూడు రోజులూ హైదరాబాద్‌లో గడపకండి. అందరూ కలిసి ఏదైనా దగ్గరి దేశంలో సముద్రం ఒడ్డుకి వెళ్లండి.

పోయిన డిసెంబర్‌లో మేం థాయిలాండ్‌లోని క్రాబీ వెళ్లొచ్చాం. శుక్రవారం అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో విమానం ఎక్కి, బ్యాంకాక్‌లో మారి, శనివారం మధ్యాహ్నానికి ఆవ్ నాంగ్ బీచ్‌లో ఉన్నాం. సోమవారం రాత్రికి మళ్లీ ఇంట్లో.

"విశాఖ లేదా, సూర్యలంక లేదా? అంత దూరం దేనికిరా?" అని నాన్నగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విశాఖ అంటే నాకూ ప్రాణం. కానీ మన ఊళ్లో నేను అమెరికా నుంచి వచ్చిన చుట్టాన్ని. కారు వాళ్లు తెస్తారు, రూము వాళ్లు మాట్లాడతారు, నన్ను ముందు సీట్లో కూర్చోబెడతారు. నేను వద్దన్నా ఆ మర్యాద ఆగదు. పోనీ వాళ్లే నా దగ్గరికి రావాలంటే విజిటర్ వీసా ఇంటర్వ్యూకి నెలల తరబడి చూడాలి, వస్తుందన్న నమ్మకం లేదు, టికెట్ లక్ష దాటుతుంది. ఇన్నేళ్లలో ముగ్గురిలో ఒక్కడే, అదీ ఆఫీసు పని మీద, న్యూజెర్సీ రాగలిగాడు.

క్రాబీ నలుగురికీ పొరుగూరే. 2023 నవంబర్‌లో థాయిలాండ్ మన దేశం నుంచి వచ్చే పర్యాటకులకు వీసా అక్కర్లేదంది. మీరు వెళ్లేనాటికి నిబంధనలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకోండి. మేం వెళ్లినప్పుడు మాత్రం నా అమెరికా పాస్‌పోర్టు, వాళ్ల ఇండియా పాస్‌పోర్టులు ఒకే వరసలో నిలబడ్డాయి. అక్కడి భాష మాలో ఎవరికీ రాదు, దారి ఎవరికీ తెలియదు. ఒక్క ఫోన్‌లో మ్యాపు తెరిచి నలుగురం దాని మీదికి వంగి, తప్పు సందులోకి తిరిగి, ఒకర్నొకరు తిట్టుకుంటూ హోటల్ వెతుక్కున్నాం. హాస్టల్ రోజుల తర్వాత నన్ను ఎవరూ అంత హాయిగా తిట్టలేదు.

డబ్బు విషయం దాచకుండా రాయాలి. చాలా స్నేహాలు తడబడేది అక్కడే. ఎల్.బి.నగర్ వాడు గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఇద్దరు ఆడపిల్లల చదువులు, ఇంటి లోన్. మొదట ఈ మాట ఎత్తగానే "మీరు వెళ్లి రండిరా" అన్నాడు. వాడి ఖర్చు నేను పెట్టుకుంటాననడం నాకు తేలిక. ఆ మాట అనలేదు. అని ఉంటే వాడు వచ్చినా మూడు రోజులూ నా చుట్టంగానే ఉండేవాడు. ఏడాది ముందే నలుగురం చీటీలాగా నెలకు నాలుగు వేలు వేయడం మొదలుపెట్టాం. నేనూ నాలుగు వేలే. పోగైన దాన్ని బట్టే అన్నీ చూసుకున్నాం. బీచ్ ఎదుట కాకుండా వెనక వీధిలో హోటల్, ఇద్దరికో రూము, స్పీడ్ బోటు బదులు పదిమందీ ఎక్కే పడవ. ఎవరికి తక్కువ వీలుంటే వాళ్ల వీలే అందరి బడ్జెట్ కావాలి. ఆ ఏడాదిలోనే వాడు మొదటిసారి పాస్‌పోర్టు తీసుకున్నాడు, విదేశం వెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్.ఓ.సి) కాలేజీ నుంచి తెచ్చుకున్నాడు. గడువు ముందే తెలియడం వల్లే అవన్నీ కుదిరాయి.

రైలే అనే బీచ్‌కి చుట్టూ సున్నపురాతి కొండలు అడ్డం కాబట్టి రోడ్డు లేదు, పడవలోనే వెళ్లాలి. పొడుగాటి చెక్కపడవ, వెనక ఒక మోటారు ఇంజను, దానికి బారెడు కడ్డీ. పడవ ముక్కుకి రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. అక్కడే పడవను కాచే దేవత ఉంటుందని వాళ్ల నమ్మకం, అందుకని ఎవరూ ఆ ముక్కు మీద కాలు పెట్టరు. అల్వాల్ వాడు బందరు మనిషి. పడవ ఎక్కేముందు ఆ దండల వైపు చూసి, మన గంగమ్మ తల్లికి మొక్కినట్టే చేతులు జోడించాడు. ఆ సాయంత్రం వీధి మొగలో సునామీ వస్తే ఎటు పరిగెత్తాలో చూపించే నీలం బోర్డు కనిపించింది. 2004 డిసెంబర్ 26న ఈ తీరాన్ని ముంచిన సునామీయే అదే ఉదయం బందరు దగ్గరి మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు వెళ్లినవాళ్లనూ తీసుకుపోయింది. వాడు ఆ బోర్డు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం.

సముద్రం గురించి ఇంకో మాట, ముఖ్యంగా హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి. మనకి సాగరం అంటే హుస్సేన్ సాగర్. మా నలుగురిలో ఈత వచ్చింది లెక్చరర్ ఒక్కడికే, అదీ నల్గొండ దగ్గర తాతగారి బావిలో నేర్చుకున్నది. బావిలో నీళ్లు మనల్ని లాక్కుపోవు. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీరు కొన్నిచోట్ల సన్నని పాయగా వెనక్కి తోసుకుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతాం. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడాలి, లేదా చెయ్యెత్తి పిలవాలి. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. మందు తాగి నీళ్లలో దిగడం అసలే వద్దు. మేం ఎక్కిన పడవలో లైఫ్ జాకెట్లు అడిగితేగానీ బయటికి తీయలేదు. మీరూ మొహమాటపడకుండా అడగండి.

కాలం కూడా చూసుకోవాలి. డిసెంబర్‌లో క్రాబీ, ఫుకెట్ వైపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పిల్లల వేసవి సెలవులకి, జూన్, జులైలో వెళ్లేవాళ్లకి అక్కడ నైరుతి రుతుపవనాల పోటు. అప్పుడు తూర్పున ఉన్న కో సముయ్ ద్వీపం నయం.

మాయా బే గురించి చెప్పకుండా ఉండలేను. ఫీ ఫీ లే ద్వీపంలో చిన్న తీరం అది. రోజుకి వేలమంది వచ్చి, పడవల లంగర్లు పడి పగడాలు దెబ్బతింటే 2018 జూన్‌లో దాన్ని మూసేశారు. మళ్లీ తెరిచింది 2022 జనవరిలో. ఆ మధ్యలో నల్లరెక్కల చిన్న సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు వెనకవైపే ఆగాలి, ముందు తీరంలో ఈదనివ్వరు. మా పడవలో ఒక గుంపు స్పీకర్ పెట్టి మన పాటలే మోగించింది. పడవ నడిపే పెద్దాయన ఏమీ అనలేదు గానీ ఆయన ముఖం నాకింకా గుర్తుంది. కొండాపూర్ వాడు లేచి వెళ్లి, "అన్నా, కొంచెం ఆపుతారా, నీళ్ల చప్పుడు విందాం" అన్నాడు. ఆపేశారు. అడిగేవాళ్లు లేకే చాలాచోట్ల అలా జరుగుతోందని నా అభిప్రాయం.

ఆదివారం రాత్రి మామిడిపండు, కొబ్బరిపాలు పోసిన తీపి అన్నం తెప్పించాం. మిగతా ముగ్గురం లాగించేశాం, కొండాపూర్ వాడు ముట్టలేదు. బాగోలేదేమో అనుకున్నాను. రూముకి వచ్చాక వాడు ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, చొక్కా పైకెత్తి పొట్టలో పొడుచుకున్నాడు. ఎన్నాళ్ల నుంచిరా అంటే నాలుగేళ్లన్నాడు. మా వాట్సాప్ గ్రూపులో రోజుకి యాభై మెసేజీలు వస్తాయి. నాలుగేళ్లలో ఈ ఒక్క సంగతి అందులోకి రాలేదు. హిమాయత్‌నగర్ హోటల్లో గంటన్నర కూర్చుంటే వచ్చేదీ కాదు. పొద్దున్నే లేచి ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో, ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు ఇంటికి ఫోన్ చేసి ఏం మాట్లాడుతున్నారో పక్క మంచంలో పడుకుంటేనే తెలుస్తుంది.

దీనికి పెద్ద అభ్యంతరం అమ్మది. "ఉండేదే పద్దెనిమిది రోజులు. అందులో మూడు సముద్రానికిస్తావా నాన్నా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండకూడదు కూడా. అందుకే మా ఆఫీసులో మాట్లాడి సెలవు మరో మూడు రోజులు పెంచుకున్నాను. అలా పెంచుకోలేనివాళ్లు పెళ్లిళ్లలో, షాపింగుల్లో కోత పెట్టుకోవాలే తప్ప అమ్మ దగ్గర కాదు.

ఇంకొకటి నాకు తిరిగొచ్చాకే తట్టింది. మా ఆవిడకి కోఠి ఉమెన్స్ కాలేజీ స్నేహితులు నలుగురున్నారు. హైదరాబాద్‌లో దిగిన దగ్గర్నుంచీ అత్తగారిల్లు, పుట్టిల్లు, పిల్లల జలుబులు. ఆ స్నేహితులకి దక్కేది ఒక మాల్‌లో గంటసేపు, అదీ పిల్లల్ని వెంటేసుకుని. మాకు ఏడాదికి ఒక్క సాయంత్రమైనా ఉండేది, తనకి అదీ లేదు. ఈసారి సెలవులో మూడు రోజులు తనవి అన్నాను. తను వెంటనే నమ్మలేదు. వాళ్ల చీటీ మొదలై నాలుగు నెలలైంది. ఇద్దరు పాస్‌పోర్టుకి అప్లై చేశారు. ఎక్కడికన్నది ఇంకా తేలలేదు గానీ తేదీలు ఖాయం. ఆ మూడు రోజులూ పిల్లలతో నేను బర్కత్‌పురాలోనే ఉంటాను. పోయిన ఆదివారం ఫోన్‌లో చెబితే, పిల్లలకి ఆ మూడు రోజులూ ఏమేం వండిపెట్టమంటావని అమ్మ అప్పుడే అడగడం మొదలుపెట్టింది.